మా ఊరి బురుజు చెప్పిన కథ

మా పుట్టిల్లు కోయిలకుంట్ల దగ్గర ఓ పల్లె. ఊరి నడుమ పాత బురుజు ఉంది. వంక దాటితే పక్క ఊరు, అక్కడా ఓ బురుజు. చిన్నప్పుడు చూస్తే ఆ రెండూ ఒకదాన్నొకటి గుడ్లురిమి చూసుకుంటున్నట్టు ఉండేవి.

పోయిన సంక్రాంతికి పిల్లతో వెళ్ళాను. ఇంటర్ చదివే మా అన్న కొడుకు క్రికెట్ దగ్గర ఆ ఊరి పిల్లలతో గొడవపడి వచ్చాడు. "మనది పాలెగాళ్ళ ఊరు అత్తా! వంకవతలోళ్ళ ముందర తల వంచుతామా?" అన్నాడు. నవ్వాను గానీ గుండె కలుక్కుమంది. మన సీమలో ఇలాంటి మాటలు ఎందాకా పోతాయో ఆడవాళ్ళకు తెలియనిదా!

అరుగు మీద మా అమ్మాయి చరిత్ర పాఠం చదువుతోంది. ఇప్పటి ఇరాక్ దక్షిణాన సుమేరు దేశం. సుమారు 4,500 ఏళ్ళ కిందట అక్కడ లగాష్, ఉమ్మా అని ఇరుగుపొరుగు నగర రాజ్యాలు ఉండేవి. నడుమనున్న సారవంతమైన పొలాల కోసం, కాలువ నీళ్ళ కోసం తరాల తరబడి కొట్టుకున్నాయి. హద్దురాయి ఒకరు పాతితే మరొకరు పీకేశారు. లగాష్ రాజు ఎయన్నాటుమ్ తన గెలుపును రాతిమీద చెక్కించుకున్నాడు. అందులో చచ్చినవాళ్ళ తలల్ని రాబందులు ఎత్తుకుపోతుంటాయి. తర్వాతి కాలంలో ఉమ్మా రాజు లుగల్‌జగేసి లగాష్‌ను కొల్లగొట్టాడు. అతణ్ణి అక్కాద్ రాజు సర్గోన్ ఓడించాడు. రెండూ మూడోవాడి పాలయ్యాయి.

"అచ్చం మన బురుజుల్లాగే ఉందమ్మా!" అంది పిల్ల. నిజమే మరి.

విజయనగర రాజుల కాలంలో పాలెగాడంటే ముఖ్యంగా కావలి కాసేవాడు. దొంగల నుంచి ఊళ్ళను కాపాడాలి, రాజు పిలిస్తే బంట్లతో వెళ్ళాలి. అందుకు రైతులు కావలి రుసుం ఇచ్చేవారు. 1565లో తళ్ళికోట యుద్ధంతో పైవాడి అదుపు సడలింది. కావలివాడే రాజై కూర్చున్నాడు! ఎవరి కోట వాళ్ళది, ఎవరి బంట్లు వాళ్ళవి. కన్ను మాత్రం పక్కవాడి పొలిమేర మీద. కాపాడాల్సినవాడే కొల్లగొడితే రైతు ఇంట గింజ మిగులుతుందా?

1800లో నిజాం ఈ జిల్లాలను కుంపిణీకి ఇచ్చేశాడు. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చేసరికి ఇక్కడ 80 మంది పాలెగాళ్ళు ఉన్నారట. ఎనభై మందీ ఒక్కటై నిలబడి ఉంటే కథ ఎలా ఉండేదో! మన్రో వాళ్ళ బంట్లను చెదరగొట్టాడు, కొందరిని పింఛనుతో కూర్చోబెట్టాడు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందన్నమాట. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడేనాటికి పాత పాలెగాళ్ళ బలం ఎక్కడుంది? 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను మా కోయిలకుంట్లలోనే ఉరి తీశారు.

ఇదంతా మా వాడికి చెప్తుంటే, మూలన మంచం మీదున్న మా అవ్వ అందుకుంది.

"బురుజు కట్టింది మీసాలు తిప్పేదానికి కాదబ్బీ. దండు వస్తాదంటే పిల్లల్ని, గింజల్ని దాచుకునేదానికి. ఆ వంకవతల బురుజూ అందుకే కట్టినారు. వాళ్ళూ మనమాదిరే భయపడినోళ్ళే. నా పుట్టిల్లు ఆ బురుజు పక్కనే, మర్చిపోయినావా?"

వాడు నోరెత్తలేదు. నేనూ ఆలోచనలో పడ్డాను. హద్దురాయికి అవతల శత్రువులని మగవాళ్ళు అంటారు. మనకు అక్కడ పుట్టిళ్ళో, కూతుళ్ళ అత్తిళ్ళో ఉంటాయి. లగాష్‌లోనూ ఉమ్మా ఆడపడుచులు కోడళ్ళుగా ఉండే ఉంటారు. వాళ్ళ మాట మాత్రం ఏ రాజూ రాతిమీద చెక్కించలేదు.

మర్నాడు అవ్వ కజ్జికాయల డబ్బా వాడి చేతికిచ్చి తన తమ్ముడింటికి పంపింది. గొణుక్కుంటూనే వంక దాటాడు. సాయంత్రం తిరిగొచ్చినప్పుడు డబ్బా నిండా వాళ్ళింటి అరిసెలు!

మీ ఇంట్లో కూడా కుర్రాళ్ళు బురుజెక్కి కూర్చుంటే, దాన్ని ఎందుకు కట్టారో ఒకసారి చెప్పి చూడండి.