డెల్టాలో శిలీంధ్రాలకు విరామమేది?

శిలీంధ్ర తెగుళ్ళ గురించి మన విద్యార్థులు చదివే పాఠ్యగ్రంథాలలో అధికభాగం చలిదేశాల అనుభవం నుండి పుట్టినవే. ఆపిల్ పొక్కు తెగులు, గోధుమ కాండపు కుంకుమ తెగులు, బంగాళాదుంప ఆకుమాడు తెగులు వంటి ఉదాహరణలతోనే ఈ శాస్త్రం రూపుదిద్దుకొంది. ఆ దేశాలలో ఏటా కొన్ని నెలలపాటు నేల గడ్డకడుతుంది, చెట్లు ఆకు రాలుస్తాయి, పొలంలో పచ్చదనం కరవవుతుంది. తనకు ఆశ్రయమిచ్చే మొక్క లేనప్పుడు శిలీంధ్రం ఎక్కడో ఒకచోట తలదాచుకోక తప్పదు. ఆ తావును కనిపెట్టి దెబ్బతీయడమే అక్కడి సస్యరక్షణకు పునాది. అటువంటి శీతకాలమే లేని కృష్ణా డెల్టాలో తెగులు గొలుసును తెంచేది ఏమిటన్నది ఈ వ్యాసంలో పరిశీలించే విషయం.

చలిదేశాల పాఠం

ఆపిల్ పొక్కు తెగులును కలిగించే శిలీంధ్రం రాలిన ఆకులలో శీతకాలం గడిపి, వసంతంలో తొలి వానలకు లేత చిగుళ్ళపైకి సిద్ధబీజాలను విడుస్తుంది. ఆకు ఎన్ని గంటలు తడిగా ఉంటే, ఎంత ఉష్ణోగ్రతలో తెగులు సోకుతుందో లెక్కగట్టి కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన మిల్స్ 1944లో ఒక పట్టికను ప్రకటించారు. మందు ఎప్పుడు చల్లాలన్న ప్రశ్నకు క్యాలెండరును బట్టి కాక ఆకు తడిని బట్టి సమాధానం చెప్పే పద్ధతికి ఆ పట్టిక బాట వేసింది. గోధుమ కాండపు కుంకుమ తెగులు విషయంలో అమెరికా వేరొక దారి పట్టింది. ఆ శిలీంధ్రం జీవితచక్రంలో కొంత భాగం బార్బెర్రీ పొదపై గడుస్తుంది కనుక 1918 నుండి ఆ పొదలను నిర్మూలించే ఉద్యమాన్ని చేపట్టింది.

ఇదే కుంకుమ తెగులు మన దేశంలో మరోలా ప్రవర్తిస్తుందని ఆగ్రాలో పరిశోధనలు సాగించిన ఆచార్య కె.సి. మెహతా నిరూపించారు. మైదానాలలోని వేసవి ఎండకు ఈ శిలీంధ్రం బ్రతకదనీ, నీలగిరి వంటి చల్లని కొండలపై వేసవి గడిపి, అక్కడి నుండి గాలి వెంట ఏటా మళ్ళీ మైదానాలకు దిగివస్తుందనీ, బార్బెర్రీకి ఇక్కడ పాత్ర లేదనీ ఆయన తేల్చారు. అంటే చలిదేశాలలో శీతకాలం చేసే పనిని మన మైదానాలలో గ్రీష్మం చేస్తున్నది. డెల్టా తెగుళ్ళను అర్థం చేసుకోవడానికి ఇదే కీలకం.

డెల్టా వాతావరణం, పైర్ల వరుస

1855లో విజయవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తికాకముందు ఈ ప్రాంతపు సేద్యం వానపై, వరదపై ఆధారపడి ఉండేది. ఆనకట్ట, ఆ తరువాత 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజి కాలువల ద్వారా నీటికి స్థిరత్వం తెచ్చాయి. సార్వా వరి, దాని వెనుక మినుము లేదా దాళ్వా వరి, ఇప్పుడు కొన్ని ప్రాంతాలలో దుక్కి లేకుండా వేసే మొక్కజొన్న. ఇలా ఏడాదిలో ఎక్కువ కాలం పొలంలో ఏదో ఒక పైరు నిలిచి ఉంటున్నది.

డిసెంబరు, జనవరి నెలలలో విజయవాడ పరిసరాల రాత్రి ఉష్ణోగ్రత సుమారు 19-20 డిగ్రీల సెల్సియస్‌కు దిగుతుంది. ఈ చలి శిలీంధ్రాన్ని చంపదు సరికదా, మంచు కురిపించి దానికి తోడ్పడుతుంది. పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే మే నెలలో కాలువలు కట్టి, నేల ఎండి, పైరు లేని స్థితి ఏర్పడితే అదే డెల్టాకు నిజమైన విరామం. ఆ విరామం ఎంత కుదించుకుపోతే తెగులు అంత నిరాటంకంగా సాగుతుంది. ఇది అన్ని శిలీంధ్రాలకూ ఒకే రీతిగా వర్తించదు. అందువల్ల ముఖ్యమైనవాటిని విడివిడిగా చూడాలి.

అగ్గి తెగులు: మంచు రాత్రుల తెగులు

అగ్గి తెగులు సిద్ధబీజం ఆకుపై పడి, తడి ఉంటే కొద్ది గంటలలో మొలకెత్తి, చివర గుండ్రని నల్లటి కణాన్ని ఏర్పరుస్తుంది. ఆ కణం గోడలోని మెలనిన్ పొర వల్ల లోపలి పీడనం వాతావరణ పీడనానికి సుమారు 80 రెట్ల వరకు పెరుగుతుంది. ఆ ఒత్తిడితోనే శిలీంధ్రం ఆకు పైపొరను చీల్చుకొని లోనికి ప్రవేశిస్తుంది. ట్రైసైక్లజోల్ మందు ఈ మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది. మెలనిన్ లేని కణం ఆకును ఛేదించలేదు. ఇప్పటికే ఏర్పడిన మచ్చను ఈ మందు మాన్పలేదు. లీటరు నీటికి 0.6 గ్రాముల మోతాదు రైతులకు తెలిసినదే. అది ప్రవేశాన్ని ఆపే మందు మాత్రమేనన్న సంగతి అంతగా తెలియదు. వెన్నులు తెల్లబోయాక చేసే పిచికారీ ఖర్చు మిగల్చదు, పంటను నిలపదు.

రాత్రి ఉష్ణోగ్రత 20-24 డిగ్రీల మధ్య ఉండి, గాలిలో తేమ 90 శాతానికి మించి, ఉదయం పొద్దెక్కే దాకా ఆకు తడి ఆరని రోజులు వరుసగా వస్తే ఈ తెగులుకు అనుకూలం. బాపట్ల నుండి 1986లో విడుదలైన సాంబ మసూరి బి.పి.టి. 5204 గింజ నాణ్యతకు పేరొందినా ఈ తెగులును తట్టుకోలేదు. దీర్ఘకాలిక రకం కావడంతో కాలువ నీరు ఆలస్యమై నాట్లు వెనుకబడిన ఏడాది ఈనిక మంచు రాత్రులలో పడుతుంది. అప్పుడు మెడవిరుపు ప్రమాదం ఎక్కువ. నత్రజనిని ఆలస్యంగా, అధికంగా వేస్తే ఆకు మెత్తబడి తెగులు ఉద్ధృతమవుతుంది. పోషకాలు కొరవడిన పొలంలో గోధుమ మచ్చ తెగులు పెచ్చుమీరుతుంది. కాబట్టి నత్రజనిని తగ్గించమని మాత్రమే కాక, సమతూకంగా, దఫాలుగా వేయమని చెప్పడం సరైన సలహా.

పొడ తెగులు: పైరు మారినా వీడని శిలీంధ్రం

పొడ తెగులును కలిగించే రైజోక్టోనియా సొలాని వ్యాప్తికి గాలిలో ఎగిరే సిద్ధబీజాలతో పని లేదు. స్క్లెరోషియా అనే గట్టి గోధుమరంగు ఉండలుగా అది నేలలో నిలిచి ఉంటుంది. దమ్ము చేసినప్పుడు ఇవి నీటిపై తేలి, దుబ్బు చుట్టూ నీటిమట్టం వద్ద కాండాన్ని అంటుకొంటాయి. నీటితోపాటు మడి నుండి మడికి చేరుతాయి. గట్ల మీది గడ్డిజాతి కలుపు కూడా వీటికి ఆశ్రయమే.

ఇదే శిలీంధ్రం మొక్కజొన్నపై పాము పొడ తెగులుగా కనిపిస్తుంది. వరి కోసిన వెంటనే, దున్నకుండా, ఆ మోళ్ళ మధ్యనే మొక్కజొన్న విత్తినప్పుడు రైతు పైరు మార్చాననుకొంటాడు, శిలీంధ్రానికి మాత్రం ఇల్లు మారదు. మొక్కజొన్న అడుగున రెండు మూడు ఆకులను తొడిమతో సహా తీసివేయడం, గట్లు శుభ్రంగా ఉంచడం, వరిని మరీ దగ్గరగా నాటకుండా కాలిబాటలు విడవడం వంటి పనులు దీని వేగాన్ని తగ్గిస్తాయి. అవసరమైతే హెక్సాకొనజోల్ లీటరుకు 2 మి.లీ. చొప్పున దుబ్బు మొదలు తడిసేలా పిచికారీ చేయాలి. ఆకు కొసలపై చల్లితే ప్రయోజనం లేదు.

మినుము: తడి కోరని బూడిద

వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలిచి ఉన్న పైరులోనే మినుము వెదజల్లడం డెల్టా రైతుల ప్రత్యేకత. నేలలో మిగిలిన తేమతో, రాత్రి మంచుతో ఆ పైరు పండుతుంది. దీనిని వేధించే బూడిద తెగులు అగ్గి తెగులుకు పూర్తిగా భిన్నమైనది. దాని సిద్ధబీజాలలోనే తగినంత నీరు ఉంటుంది కనుక ఆకుపై నీటిపొర అక్కరలేదు. పొడి పగలు, తేమగల చల్లని రాత్రి చాలు. తడిని చూసి అగ్గి తెగులును ఊహించినట్లు బూడిద తెగులును ఊహించడం పొరపాటు.

ఇక్కడ పరిశోధన సాధించిన విజయాన్ని గుర్తుచేయాలి. గుంటూరు సమీపాన లాం పరిశోధన స్థానం రూపొందించిన ఎల్.బి.జి. 17, అంటే రైతులు కృష్ణయ్య అని పిలుచుకొన్న రకం, బూడిద తెగులును తట్టుకొని వరి మాగాణులలో మినుము సాగుకు ఊతమిచ్చింది. తట్టుకోలేని రకాలు వేసినచోట తొలి తెల్లని మచ్చలు కనిపించగానే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాముల చొప్పున వాడవచ్చు.

తాటిచెట్టు చెప్పిన చరిత్ర

చెట్ల విషయంలో డెల్టాకు ఒక పాత అనుభవం ఉంది. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో గోదావరి, కృష్ణా జిల్లాల తాడితోపులను మొవ్వు కుళ్ళు తెగులు పీడించింది. పూసాలో శిలీంధ్ర శాస్త్రవేత్తగా ఉన్న ఇ.జె. బట్లర్ దానిని పరిశోధించి, కారకానికి పిథియం పామివోరమ్ అని 1907లో పేరుపెట్టారు. నేడు దానిని ఫైటోఫ్తొరా పామివోరా అంటున్నాము. 1845లో ఐర్లండు బంగాళాదుంపను నాశనం చేసి మహాక్షామానికి కారణమైన జీవి కూడా ఇదే ప్రజాతికి చెందినది. నేటి వర్గీకరణలో ఇవి నిజమైన శిలీంధ్రాలు కావు. అయినా వ్యాధి నిర్వహణలో వీటిని కలిపే చదువుతున్నాము.

తాటికి కొమ్మలు లేవు. ఉన్న ఒక్క మొవ్వు కుళ్ళితే చెట్టంతా పోతుంది. తెగులు సోకిన చెట్లెక్కి తలలు నరికించి కాల్పించడమే ఆనాటి ప్రభుత్వం ఏళ్ళతరబడి నడిపిన కార్యక్రమం. ఒక రైతు తన తోపును శుభ్రం చేసి, పొరుగువాడు విడిచిపెడితే ఫలితం ఉండదు కనుక అది గ్రామమంతటి పనిగా సాగవలసి వచ్చింది. ఈ పాఠం నేటికీ చెల్లుతుంది.

విస్తరణ కార్యకర్తలు చేయవలసినది

ఏ మందు చల్లాలని రైతు అడిగినప్పుడు, ముందుగా ఏ శిలీంధ్రం, అది ఎక్కడ దాగి ఉన్నది, దానికి ఇప్పుడు అనుకూల సమయమా అన్న మూడు ప్రశ్నలను మనం వేసుకోవాలి. గాలిలో వచ్చే అగ్గి తెగులుకు రకం ఎంపిక, నాటే తేదీ, మంచు గంటల లెక్క ప్రధానం. నేలలో దాగే పొడ తెగులుకు వేసవి దుక్కులు, గట్ల శుభ్రత, పైరు వరుసలో గడ్డిజాతికి చెందని పంటను చేర్చడం ప్రధానం. ఈ దృష్టితో చూస్తే వరి తరువాత మినుము గానీ, వేసవి వానలకు జీలుగ, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట గానీ భూసారానికే కాక తెగులు గొలుసును తెంచడానికీ ఉపకరిస్తాయి.

విద్యార్థులు గ్రామీణ అనుభవ కార్యక్రమంలో ఉండగా చేయదగిన చిన్న పని ఒకటుంది. అక్టోబరు నుండి జనవరి వరకు ప్రతి ఉదయం ఆకుపై మంచు ఎన్ని గంటల దాకా నిలిచిందో, కనిష్ఠ ఉష్ణోగ్రత ఎంతో, ఆ మడిలో తొలి మచ్చ ఎప్పుడు కనిపించిందో ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. చలిదేశాలలో ఆపిల్ తోటకు మిల్స్ పట్టిక చేసిన మేలును డెల్టా వరికి చేయగల సమాచారం అటువంటి పుస్తకాల నుండే పోగవుతుంది. కాలువ నీటి విడుదల తేదీని, గ్రామంలో వేసవి విరామాన్ని నిర్ణయించేటప్పుడు తెగులు కోణం నుండి మాట్లాడగల ఆధారం కూడా అప్పుడే మన చేతిలో ఉంటుంది.