నొప్పులు రప్పించిన తొలికాన్పు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవములు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో తొలికాన్పు తల్లిగారింటి బాధ్యత. నెలలు నిండవచ్చిన కూతురిని పుట్టింటికి తోడ్కొనివచ్చిన తల్లి, బీడీల చాట ముందట కూర్చున్నను, మరమగ్గముల చప్పుడులో కండెలు చుట్టుచున్నను, మనసులో దినములు లెక్కించుచునే యుండును. అల్లుడు దుబాయిలోనో మస్కట్టులోనో సెలవుకై యాతన పడుచుండును. వియ్యాలవారింటి నుండి దినమునకు రెండుమార్లు ఫోను వచ్చుచుండును. ఇట్టి యెదురుచూపుల నడుమ డాక్టరమ్మ వ్రాసియిచ్చిన తేదీ దాటిపోవును, నొప్పులు మాత్రము రావు. అంతట దవాఖానలో చేర్చుకొని మందులతో నొప్పులు రప్పింప మొదలిడుదురు. ఒక రాత్రి గడచును, మఱునాటి పగలు గడచును, ఇంకను బిడ్డ పుట్టదు. ఆ దీర్ఘమైన వేళలో వరండాలో కూర్చున్న పెద్దల నోట వెలువడు మాటలు కొన్ని కలవు. అవి చెడుతలంపుతో అన్నవి కావు. కాని లోపల మంచముపై నున్న పిల్ల గుండెలో అవి యేండ్ల తరబడి ముల్లువలె నాటుకొనియుండును. కావున ఆ మాటలలో నిజమెంతయో, భ్రాంతి యెంతయో ఇచట విచారింతును.

“డేట్ దాటింది, ఇగ బిడ్డకు ముప్పే!”

ఆ తేదీ చివరి ముట్టు మొదటి దినము నుండి 280 దినములు లెక్కించి వ్రాసిన అంచనా మాత్రమే. సరిగా ఆ దినముననే పుట్టు శిశువులు ఇరువదిమందిలో నొక్కరుందురేమో. తేదీ దాటి రెండు మూడు దినములైనంత మాత్రమున బిడ్డకు ముప్పు వచ్చినదని కాదు. అయితే 41 వారములు నిండిన పిమ్మట కొందఱిలో మాయ శక్తి సన్నగిల్లుటయు, ఉమ్మనీరు తగ్గుటయు సంభవించును. అపాయము స్వల్పమే యైనను దినదినము పెరుగుచుండును. అందుచేతనే 41 వారములు నిండిన గర్భిణికి నొప్పులు రప్పింపవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసినది. రక్తపోటు, మధుమేహము, నొప్పులు రాకమునుపే ఉమ్మనీరు పోవుట, కడుపులో బిడ్డ యెదుగుదల మందగించుట వంటి కారణములున్నచో అంతకంటె ముందే ఆ పనికి పూనుకొనుట న్యాయము.

దీనికి విరుద్ధమైన తొందరయు మనవారిలో కలదు. మంచి నక్షత్రమనియో, మూఢము వచ్చుచున్నదనియో, అల్లుని సెలవు ముగియుచున్నదనియో 39 వారములు నిండకమునుపే బిడ్డను వెలికిదీయింతురు. ఊపిరితిత్తులు పూర్తిగా సిద్ధపడని ఆ శిశువు డొక్కలెగురవేయుచు, తల్లి యొడికి మాఱుగా గాజుపెట్టెలో తొలి దినములు గడపవలసి రావచ్చును. పుట్టిన బిడ్డకు నక్షత్రము చూచుట మన పూర్వాచారము; నక్షత్రమునకు బిడ్డను పుట్టించుట మాత్రము మన తాతముత్తాతలెఱుగనిది.

“సూదేసి ఎంతసేపాయె, ఇంకా కాన్పు కాకపాయె!”

తక్కిన యపోహల కన్నిటికిని తల్లివేరు ఇదియే యగుటచేత దీనియొద్ద కొంతసేపు నిలువవలెను. సూది వేసిన తోడనే ప్రసవవేదన యారంభమగుననియు, ఆరంభమైన తోడనే బిడ్డ బయటికి వచ్చుననియు జనులు తలంతురు. కాని గర్భాశయపు ముఖద్వారము తొమ్మిదినెలలు బిడ్డను లోపల నిలిపియుంచుటకై గట్టిగా, పొడవుగా, మూసుకొని, వెనుకవైపునకు తిరిగియుండునది. అది మెత్తబడి, పలుచనై, ముందునకు తిరిగి, తెరచుకొనుటకు సిద్ధపడనిదే ఎంత బలమైన నొప్పులు వచ్చినను ప్రయోజనము లేదు. ఒకమారు ప్రసవించిన స్త్రీకి ఆ దారి తెలిసినది. తొలిచూలాలికి ప్రతి యంగుళమును క్రొత్త. ద్వారము ఇట్లు సిద్ధపడుటను వైద్యులు పక్వమగుట యందురు. ఈ పక్వతను కొలుచుటకు 1964లో ఎడ్వర్డ్ బిషప్ అను వైద్యుడొక లెక్క కల్పించెను: ద్వారము తెరచుకొన్న వెడల్పు, పలుచబడిన తీరు, మెత్తదనము, తిరిగిన దిశ, బిడ్డ తల దిగిన లోతు అను ఐదింటికిని మార్కులు వేసి కూడగా గరిష్ఠము 13 వచ్చును. మొత్తము ఆరుగాని, అంతకు లోపుగాని యున్నచో, నొప్పులు రప్పించుటకు ముందు ఆ ద్వారమును పక్వము చేయవలెను. మన దవాఖానలలో జనులు జెల్ పెట్టిండ్రని చెప్పుకొనునది ఆ పనియే. మిసోప్రోస్టాల్ మాత్రను అతిస్వల్ప మోతాదులో గంటల వ్యవధితో నిచ్చుటయు, సన్నని రబ్బరు గొట్టము చివరనున్న బుడగను ద్వారమునకు లోపల నీటితో ఉబ్బించి యుంచుటయు దానికే యితర మార్గములు. ఈ యొక్క ఘట్టమునకే ఒక పగలును ఒక రాత్రియును పట్టవచ్చును. ఇంతసేపును నొప్పులు వచ్చి పోవుచుండును. పిల్ల నిదుర లేక సోలిపోవును. పరీక్షించిన నర్సు మాత్రము రెండు సెంటీమీటర్లని చెప్పి వెళ్లిపోవును.

పిదప ఉమ్మనీటి సంచిని తెరచి, ఆక్సిటోసిన్ అను మందును సెలైనులో కలిపి చుక్కచుక్కగా నెక్కింతురు. మెదడు క్రింద నున్న పిట్యూటరీ గ్రంథి సారము గర్భాశయమును ముడుచుకొనజేయునని 1906లో హెన్రీ డేల్ కనుగొనగా, ఆ సారములోని యీ పదార్థమును 1953లో విన్సెంట్ డు విన్యో ప్రయోగశాలలో కూర్చి, 1955లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము నందెను. ప్రతి తల్లి దేహమును తనంత తాను పుట్టించుకొనునదే యీ మందు. వెలినుండి యిచ్చునపుడు దానిని స్వల్పముగా మొదలిడి, అర్ధగంటకొకమారు కొంత పెంచుచు, బిడ్డ గుండెచప్పుడు వినుచు నడపవలసియుండును.

ఇక కాలపరిమితి మాట. ద్వారము 5 సెంటీమీటర్లు తెరచుకొనువరకు గల తొలిదశకు ఇన్ని గంటలని హద్దు గీయుటకు వీలులేదని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టపరచినది. అటుపిమ్మటి వేగవంతమైన దశయు తొలికాన్పులో 12 గంటల వరకు సాగవచ్చును. తల్లి ముక్కి బిడ్డను వెలికిత్రోయు దశకు మూడు గంటల వరకు పట్టవచ్చును. గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరచుకొనితీరవలెనను పాత నియమము అందఱికిని వర్తింపదని, ఆ వేగము తగ్గినదను ఒక్క కారణముచేత జోక్యము చేసికొనరాదని ఆ సంస్థయే చెప్పినది. నొప్పులు రప్పించు ప్రయత్నము విఫలమైనదని తేల్చుటకు ముందు, తల్లియు బిడ్డయు క్షేమముగా నున్నంతకాలము, తొలిదశకు 24 గంటలు గాని అంతకు మించి గాని యీయవలెననియు, ఉమ్మనీరు తీసిన పిదప ఆక్సిటోసిన్ కనీసము 12 నుండి 18 గంటలు నడిపి చూడవలెననియు 2014లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘములు నిర్ణయించినవి. సోమవారము ప్రొద్దున జెల్ పెట్టినచో మంగళవారము రాత్రికి బిడ్డ పుట్టుట యిందు వింత కాదు. ఈ యొక్క సంగతి చేర్చుకొనునాడే ఇంటివారికి కూర్చుండబెట్టి చెప్పినచో వరండాలోని కలవరము సగము తగ్గును.

“మందు పెట్టి నొప్పులు రప్పిస్తే ఆఖరికి పెద్దాపరేషనే!”

ఇది చాలకాలము వైద్యులలోను నిలిచియున్న నమ్మకము. 2018లో వెలువడిన అమెరికా పరిశోధన యొకటి దీనిని పరీక్షించినది. 41 ఆసుపత్రులలో, ఏ యపాయ లక్షణములును లేని ఆరువేల పైచిలుకు తొలిచూలాండ్రను రెండు భాగములు చేసి, ఒక భాగమునకు 39వ వారమున నొప్పులు రప్పింపగా నూటికి 18.6 మందికిని, వేచియుండిన భాగమున 22.2 మందికిని శస్త్రచికిత్స యవసరమైనది. అనగా మందు వలన ఆపరేషన్లు పెరుగలేదు, కొంత తగ్గినవి. అయితే అది, నేను పైన చెప్పిన ఓర్పుతో గంటలు లెక్కింపక కాచుకొన్న చోట వచ్చిన ఫలితము. మందు పెట్టి పది గంటలకే విసిగి కత్తి పట్టు చోట ఆ లెక్క నిలువదు.

మన ప్రాంతమున ఈ విచారము మఱింత గాఢముగా చేయవలసియున్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో కాన్పులలో నూటికి 60.7 శస్త్రచికిత్సలే, దేశమంతటికిని చూచిన నది 21.5 మాత్రమే. రాష్ట్రపు ప్రైవేటు దవాఖానలలో 81.5, సర్కారు దవాఖానలలో 44.5. జగిత్యాల, సిరిసిల్లలు 2016 వరకు ఏ జిల్లాలో భాగములో ఆ కరీంనగరులో అది ఎనుబది దాటినది. జనసామాన్యమున నూటికి పది దాటిన పిమ్మట ఆపరేషన్లు పెరిగినందున తల్లుల, శిశువుల మరణములు తగ్గిన జాడ లేదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపినది. ఈ దోషము నొక్క వైద్యులపైననే మోపుట నాకు సమ్మతము కాదు. ‘ఏమన్న అయితే వియ్యాలవారికి ఏం జవాబు చెప్పాలె’ అని గడగడలాడు పిల్ల తండ్రి, తానే వైద్యుని చేతులు పట్టుకొని కోసి తీయుమని వేడుకొనుట మన యూళ్లలో క్రొత్త సంగతి కాదు. తల్లిగారింటి బాధ్యతయను ఆచారమున ప్రేమ యెంత గలదో భయము నంతయే గలదు.

ఆపరేషన్ ప్రాణము నిలుపు సందర్భములు నిశ్చయముగా కలవు: బిడ్డ గుండెచప్పుడు పడిపోయి తేరుకొననపుడు, తల యడ్డముపడి దిగనపుడు, రక్తస్రావము మిక్కుటమైనపుడు అది క్షణము ఆలస్యము చేయరానిది. ఆ భేదమును గుర్తించి, ప్రక్కన కూర్చుండి కాచుకొను చేతులు కావలెను. 2017లో తెలంగాణ ప్రభుత్వము, యూనిసెఫ్, హైదరాబాదు ఫెర్నాండెజ్ సంస్థ కలసి నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ యారంభించినపుడు మొదటి జట్టు కరీంనగరుననే తయారైనది. ఆపరేషన్లు మిక్కిలి పెరిగిన గడ్డమీదనే ఆ విద్య మొలకెత్తుట నాకు గొప్ప యూరటగా తోచును.

“పిల్ల నొప్పులు ఓర్వలేకపాయె. మేము కనలేదా?”

ఈ మాట యన్నిటిలోను క్రూరమైనది. తనంత తాను వచ్చు నొప్పి సన్నగా మొదలై, నడుమ విరామములిచ్చుచు, దేహమును మెల్లమెల్లగా అలవాటుపరచును. మందుతో వచ్చునది పలువురికి త్వరగా, గట్టిగా, దగ్గరదగ్గరగా వచ్చును. అదియు ఒక రాత్రి నిద్రలేమి పిదప, తిండి లేక, చేతికి గొట్టముతో మంచమునకు కట్టుబడియున్న దశలో వచ్చును. ముఖద్వారము తెరచుకొనకపోవుటకును, బిడ్డ తల అడ్డముపడుటకును పిల్ల ధైర్యముతో సంబంధము లేదు. నొప్పి తెలియకుండ వెన్నులో సన్నని గొట్టముద్వారా ఇచ్చు ఎపిడ్యూరల్ మందు వలన ఆపరేషన్లు పెరుగవని పరిశోధనలు తేల్చినవి. అది యడుగుట బలహీనత కాదు. వెన్నులో సూది పడినందువలన జీవితాంతము నడుమునొప్పి వచ్చునన్న మాటయు నిలువదు; సూది పడినచోట కొన్నాళ్లు నొప్పి యుండవచ్చును, కాన్పైన స్త్రీలకు వచ్చు దీర్ఘకాలపు నడుమునొప్పి ఆ సూది లేనివారికిని వచ్చుచున్నది.

ఈ వేళలో ఇంటివారు చేయదగినది చాల గలదు. తోడుగా నొక స్త్రీ యెడతెగక ప్రక్కన నున్నచో కాన్పు సుఖమగుట మిక్కుటమని అనేక దేశముల పరిశోధనలు చూపినవి. సర్కారు దవాఖానలలో ప్రసవగదిలోనికి ఒక తోడును అనుమతింపవలెనని 2016లో కేంద్రప్రభుత్వము చెప్పినది. అపాయ లక్షణములు లేనిచో నీళ్లు, గంజి, మజ్జిగ త్రాగనీయవచ్చును. కొంతసేపు నడచుట, ప్రక్కకు తిరిగి పరుండుట, నడుము రాయుట హితము. కడుపుపై చేతులూని బిడ్డను క్రిందికి త్రోయుట మాత్రము కూడదు. అది తల్లికి పక్కటెముకల నుండి గర్భాశయము వరకు హాని చేయగలదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని వలదన్నది.

“ఒక్క నొప్పుల సూదేస్తే ఇంట్లనే అయిపోతది.”

ఆక్సిటోసిన్‌ను బర్రె పాలు చేపుటకు కొందఱు వాడుటచేత, ఇది చిన్న మందని పల్లెలలో చులకన యేర్పడినది. సెలైనులో చుక్కలుగా నెక్కించునది గుండెచప్పుడు తగ్గగానే నిలిపివేయవచ్చును, కొన్ని నిమిషములలో దాని ప్రభావము తగ్గును. కండలో పొడిచిన సూది వెనుకకు రాదు. ఎడతెగని సంకోచములతో బిడ్డకు ప్రాణవాయువు అందక పోవచ్చును, గర్భాశయము చీలవచ్చును. కాన్పునకు మునుపు కండలో ఆ సూది వేయుట యే ఇంటిలోను, ఏ చిన్న క్లినిక్కులోను కూడదు. బిడ్డ పుట్టిన వెంటనే రక్తస్రావమును అరికట్టుటకు 10 యూనిట్లు కండలోనిచ్చుట వేఱు. అది యెన్నో ప్రాణములు కాచునది.

సూది తొందర వలెనే కోత తొందరయు కలదు. బొడ్డుపేగు మెడకు చుట్టుకొన్నదని స్కానులో వ్రాసినంతనే కోతకు సిద్ధపడు వారికొక్క మాట: పుట్టు బిడ్డలలో నలుగురైదుగురిలో నొకరికి పేగు మెడచుట్టు నుండును, వారిలో మిక్కిలిమంది మామూలుగనే పుట్టుదురు, మంత్రసాని చేయి దానిని తప్పించును.

“ఒకసారి కోస్తే ప్రతిసారీ కోయాలె.”

ఈ సూత్రమును 1916లో న్యూయార్కు వైద్యుడు క్రేగిన్ చెప్పెను; నాడు కోత గర్భాశయపు పైభాగమున నిలువుగా నుండెడిది. నేడు క్రిందిభాగమున నడ్డముగా కోయుదురు, మచ్చ గట్టిది. తగిన దవాఖానలో ప్రయత్నించినవారిలో నూటికి అఱువది నుండి ఎనుబది మంది రెండవమారు సహజముగా ప్రసవించుచున్నారు. మచ్చ చీలు ప్రమాదము నూటికి ఒకటికి లోపే, అయినను అది యుండుటచేత మిసోప్రోస్టాల్ వారికి వాడరు, రెండు కాన్పుల నడుమ తగిన యెడము నుండవలెను. రెండవ కాన్పునాడు వైద్యుడు మొదట నడుగునది తొలికాన్పు డిశ్చార్జి కాగితము: ఎన్ని సెంటీమీటర్ల వద్ద నిలిచినది, ఎన్ని గంటలు నడిచినది, ఏ కారణమున కోసిరి, కోత యేవైపు. అల్లుడు దుబాయి విమానమెక్కు తొందరలోను, ఇరువదియొకటవనాటి పురుటి సందడిలోను ఆ కాగితము తప్పిపోకుండ, బిడ్డ టీకాల కార్డుతో కలిపి పెట్టెలో భద్రపరచవలెను.