హమాలీ భుజం మీద నిలిచిన శిఖరం

మదరసాలో ఫిఖ్హ్ పాఠం చెప్పేటప్పుడు 'ఫర్జె కిఫాయా' అనే మాట దగ్గర మేము ప్రతి ఏడూ కాసేపు ఆగుతాము. నమాజు, రోజా వంటివి ఎవరికి వారు నెరవేర్చవలసిన విధులు. వాటిని ఫర్జె ఐన్ అంటారు. ఫర్జె కిఫాయా అలాంటిది కాదు. అది అందరి నెత్తిన ఉమ్మడిగా ఉండే విధి. కొందరు నెరవేరిస్తే మిగిలిన వారి మీద నుంచి ఆ భారం దిగిపోతుంది. ఎవరూ నెరవేర్చకపోతే, తెలిసి ఉండీ, శక్తి ఉండీ ఊరుకున్న వారందరూ దోషులవుతారు. జనాజా నమాజు దీనికి అందరూ చెప్పే ఉదాహరణ.

ఒకసారి వెనుక వరుసలో ఒక కుర్రవాడు లేచి, "హజ్రత్, ఎవరో ఒకరు చేస్తారులే అని అందరూ అనుకుంటే?" అని అడిగాడు. పుస్తకంలో ఉన్న జవాబే చెప్పి కూర్చోబెట్టాము. కానీ ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. 2023 జూలైలో కె2 పర్వతం మీద జరిగిన సంఘటన గురించి ఉర్దూ పత్రికలో చదివిన రోజున ఆ కుర్రవాడే గుర్తుకు వచ్చాడు.

ఒకే తాడు, వంద మంది

కె2 ప్రపంచంలో రెండవ ఎత్తయిన పర్వతం. ఎత్తు 8,611 మీటర్లు. కారకోరం శ్రేణిలో, పాకిస్తాన్ చైనాల సరిహద్దు మీద ఉంది. ఎవరెస్టు దీనికన్నా ఎత్తయినదే అయినా, ఎక్కడం కష్టమన్న విషయంలో కె2కే పెద్ద పేరు. శిఖరానికి నాలుగు వందల మీటర్ల కింద సీసా మెడ వంటి ఇరుకు దారి ఒకటి ఉంది. దాన్ని 'బాటిల్‌నెక్' అనే పిలుస్తారు. నెత్తిన వేలాడే మంచు గోడలు ఎప్పుడు విరిగి పడతాయో చెప్పలేము. 2008 ఆగస్టు మొదటి వారంలో ఆ పర్వతం 11 మందిని బలి తీసుకున్నప్పుడు, ఆ విషాదానికి మూలం ఆ మంచు గోడలే. అక్కడ అందరూ ఒకే తాడు పట్టుకుని, ఒకరి వెనుక ఒకరు సాగవలసిందే.

2023 జూలై 27న ఆ దారిలో మహమ్మద్ హసన్ అనే యువకుడు జారిపడ్డాడు. వయసు 27 సంవత్సరాలు. ముగ్గురు పిల్లల తండ్రి. ఊరు గిల్గిత్ బల్తిస్తాన్ ప్రాంతంలోని షిగర్ లోయ. యాత్రికుల కోసం తాళ్ళు కట్టే పనికి సాయంగా కూలికి వెళ్ళాడు. అంత ఎత్తుకు తగిన దుస్తులు అతని ఒంటి మీద లేవని, ముఖానికి ఆక్సిజన్ లేదని చూసినవారు చెప్పారు. తాడుకు తలకిందులుగా వేలాడుతున్న అతన్ని పైకి లాగి దారి పక్కన పడుకోబెట్టారు. ఒక మనిషి అతని ఒళ్ళు రుద్దుతూ కూర్చున్నాడు. మిగిలినవారు ఒక్కొక్కరే అతన్ని దాటుకుంటూ పైకి వెళ్ళారు. కొన్ని గంటల్లో హసన్ ప్రాణం పోయింది. ఆ రోజు వందమందికి పైగా శిఖరం చేరారు. తరువాత డ్రోన్ కెమెరా చిత్రాలు బయటికి వచ్చినప్పుడు లోకమంతా ఆ వరుసను చూసింది.

అదే రోజు నార్వే దేశపు క్రిస్టిన్ హరీలా, నేపాల్‌కు చెందిన తెంజెన్ షేర్పా కె2 ఎక్కి, ఎనిమిది వేల మీటర్లు మించిన 14 శిఖరాలనూ 92 రోజుల్లో పూర్తి చేశారు. హసన్‌ను కాపాడటానికి తన బృందం చాలాసేపు ప్రయత్నించిందని, తన కెమెరామన్ వెనుక ఉండిపోయి తన ఆక్సిజన్ కూడా అతనికి ఇచ్చాడని హరీలా చెప్పింది. ఆ మాటను మేము కొట్టిపారేయడం లేదు. ఆ ఎత్తున గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదానిలో మూడోవంతు మాత్రమే. నాలుగడుగులు వేసి ఆగి ఊపిరి పీల్చుకోవలసిన చోట, కదలలేని మనిషిని కిందికి దించడం ఒకరిద్దరి వల్ల అయ్యే పని కాదు. పదిమంది కావాలి. అయితే ఆ రోజు అక్కడ ఉన్నది పదిమంది కాదే, వందమంది! దర్యాప్తుకు గిల్గిత్ బల్తిస్తాన్ ప్రభుత్వం ఒక కమిటీని నియమించింది. కమిటీ దాకా ఎందుకు, 'ఎవరో ఒకరు చూస్తారులే' అనుకోవడం ఎక్కడికి దారితీస్తుందో ఆ దృశ్యమే చెబుతోంది.

డబ్బుతో కొనుక్కునే యాత్ర

ఇంతమంది అక్కడికి ఎలా చేరారని పాఠకులు అడగవచ్చు. ఒకప్పుడు పెద్ద పర్వతాలు ఎక్కినవారు ఏళ్ళ తరబడి ఆ విద్య నేర్చినవారు. 1985లో డిక్ బాస్ అనే అమెరికా వ్యాపారి 55 ఏళ్ళ వయసులో, ఆరితేరిన ఒక పర్వతారోహకుని తోడుతో ఎవరెస్టు ఎక్కాడు. డబ్బు, ఓపిక, మంచి గైడు ఉంటే తామూ ఎక్కవచ్చునన్న ఆశ అప్పటి నుంచి ఎందరికో కలిగింది. తరువాతి పదేళ్ళలో అదొక వ్యాపారంగా ఎదిగింది.

యాత్ర నడిపే కంపెనీ ప్రభుత్వం దగ్గర అనుమతి తీసుకుంటుంది. నేపాల్‌లో ఎవరెస్టు అనుమతికే విదేశీయుడు 11,000 డాలర్లు కట్టేవాడు. 2025 సెప్టెంబరు నుంచి దాన్ని 15,000 డాలర్లు చేశారు. మొత్తం ఖర్చు పదుల వేల డాలర్లకు చేరుతుంది. అందుకు బదులుగా యాత్రికుడికి బేస్ క్యాంపులో గుడారం, వేడి భోజనం, వాతావరణ సూచనలు, పైన వరుసగా క్యాంపులు, దారి పొడవునా కట్టిన తాళ్ళు, ఆక్సిజన్ సిలిండర్లు, పక్కన నడిచే మనిషి సమకూరుతాయి. యాత్రికుడు తాడుకు కొక్కెం తగిలించుకుని ఎక్కాలి. అది కూడా తేలిక కాదు. కానీ ఆ తాడు అక్కడికి ఎలా వచ్చింది? గుడారం, గ్యాసు, ఆక్సిజన్ ఎవరి వీపు మీద వచ్చాయి?

కె2కు వెళ్ళేవారు స్కర్దూ పట్టణం నుంచి అస్కోలే అనే ఊరు చేరి, అక్కడి నుంచి బల్తోరో హిమానీనదం మీదుగా దాదాపు వారం రోజులు నడుస్తారు. సామాను అంతా బల్తీ కూలీల వీపు మీదే. ఒక్కొక్కరికి 25 కిలోల దాకా బరువు. బేస్ క్యాంపు దాటి పైకి మోసేవారు వేరు. మన మార్కెట్ యార్డుల్లో బస్తాలు మోసేవారిని హమాలీలు అంటాము. అది 'హమల్', అంటే మోయడం అనే అరబ్బీ మాట నుంచి వచ్చింది. వీరు ఎనిమిది వేల మీటర్ల ఎత్తున పనిచేసే హమాలీలు.

పాదాలకు సరిపోని బూట్లు

ఈ కథ 2023లో మొదలైంది కాదు. 1954 జూలై 31న ఇటలీ దేశస్థులు కొంపాన్యోని, లాచెదెల్లి కె2ను మొదటిసారి ఎక్కారు. వారికి కావలసిన ఆక్సిజన్ సిలిండర్లను ముందు రోజు పైకి మోసినవారు ఇద్దరు. ఒకరు ఇటలీ యువకుడు వాల్తెర్ బొనాత్తి. రెండోవారు హుంజా లోయకు చెందిన అమీర్ మహ్దీ. మహ్దీ అంతకు ముందు ఏడాది నంగా పర్బత్ యాత్రలో కూడా బరువు మోసిన గట్టి మనిషి. చీకటి పడేవేళకు వారు చేరవలసిన గుడారం అనుకున్న చోట లేదు. దాన్ని మరో చోటికి మార్చారు. పైవారిని కేకలు వేసి పిలిచినా లాభం లేకపోయింది. గుడారం లేకుండా, పడుకునే సంచి కూడా లేకుండా, దాదాపు 8,100 మీటర్ల ఎత్తున మంచులోనే ఆ ఇద్దరూ రాత్రంతా గడిపారు.

బొనాత్తి పాదాలు దక్కాయి. మహ్దీకి ఇచ్చిన బూట్లు ఆయన పాదాలకు చిన్నవి. మంచు కొరికేసిన కాలివేళ్ళన్నీ తీసివేయవలసి వచ్చింది. నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నారు. ఇంటికి వచ్చాక మంచుగొడ్డలిని పక్కన పెట్టేసి, మళ్ళీ దాన్ని చూడదలచుకోలేదని ఇంటివారితో చెప్పారట. 1999లో కన్నుమూశారు. ఆ రాత్రి గురించి బొనాత్తి చెప్పినదే నిజమని ఇటలీ పర్వతారోహక సంఘం ఒప్పుకోవడానికి అర్ధ శతాబ్దం పట్టింది. అప్పటికి మహ్దీ లేరు.

1954లో చాలని బూట్లు, 2023లో చాలని దుస్తులు. మధ్యలో దాదాపు డెబ్బై ఏళ్ళు గడిచాయి.

మన పిల్లలు ఎక్కిన ఏడు

నేపాల్ వైపు ఈ బరువు మోసేది ఎక్కువగా షేర్పాలు. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు దారిలోని ఖుంబూ మంచు ప్రవాహంలో పెద్ద మంచు దిమ్మ విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. వారిలో ఎవరూ యాత్రికులు కారు. యాత్రికుల కోసం పైకి సామాను చేరవేస్తున్నవారే. ఒక్కొక్క కుటుంబానికి మొదట ప్రకటించిన తక్షణ సహాయం 40,000 నేపాలీ రూపాయలు. షేర్పాలు మండిపడి పని మానివేయడంతో ఆ ఏడు దక్షిణం వైపు యాత్రలు ఆగిపోయాయి.

తెలుగువారు ఆ సంవత్సరాన్ని మరో కారణంగా గుర్తుంచుకున్నారు. అదే 2014 మే 25న ఉత్తరం వైపు నుంచి, టిబెట్ దారిలో, నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మం ప్రాంతపు ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు ఇంకా నిండలేదు. భువనగిరి కొండ మీద మొదలైన వారి శిక్షణ అంత దూరం తీసుకుపోయింది. పేదింటి పిల్లలు సాధించిన ఆ ఘనతకు మేమూ ఎంతో సంతోషించాము. కొండ ఎక్కడం తప్పని మేము అనడం లేదు. ఆ సంతోషం మనది అయినప్పుడు, ఆ ఏడే తండ్రులను పోగొట్టుకున్న షేర్పా పిల్లల దుఃఖం కూడా కొంతైనా మనది కావాలి కదా!

ఆగినవారూ ఉన్నారు

పర్వతం మీద దయకు చోటు లేదని కొందరు అంటారు. అది నిజం కాదు. 2006 మే నెలలో డేవిడ్ షార్ప్ అనే బ్రిటిష్ యువకుడు ఎవరెస్టు ఉత్తరపు దారిలో ప్రాణాలు వదులుతుండగా దాదాపు 40 మంది అతన్ని దాటి వెళ్ళారని అప్పట్లో గగ్గోలు పుట్టింది. పది రోజులు గడిచాయి. అదే దారిలో, ఇంకా ఎత్తున, చనిపోయాడని వదిలివేసిన లింకన్ హాల్ అనే ఆస్ట్రేలియా వాసి ప్రాణంతో కూర్చుని కనిపించాడు. చూసినవాడు డాన్ మేజర్ అనే గైడు. వెంట డబ్బు కట్టి వచ్చిన ఇద్దరు యాత్రికులు, ఒక షేర్పా ఉన్నారు. శిఖరం కంటి ముందే ఉంది. నలుగురూ ఆగిపోయారు. దించేవారు వచ్చేదాకా గంటల తరబడి అతని పక్కనే ఉండి, శిఖరం ఎక్కకుండానే వెనుదిరిగారు. లింకన్ హాల్ బతికాడు.

హసన్ మరణించిన 2023 సంవత్సరంలోనే, మే నెలలో, గెల్జే షేర్పా ఒక చైనా యాత్రికుణ్ణి ఎవరెస్టు శిఖరానికి తీసుకువెళుతున్నాడు. దారిలో ఒక మలేషియా వాసి తాడు పట్టుకుని చలికి వణుకుతూ కనిపించాడు. గెల్జే తన యాత్రికుణ్ణి ఒప్పించి శిఖరం మాట మాన్పించాడు. ఆ మనిషిని వీపుకు కట్టుకుని, కొంత మోసి, కొంత మంచు మీద లాగి, దాదాపు 600 మీటర్లు కిందికి దించాడు. ఆరు గంటలు పట్టింది. ఆ మనిషి బతికాడు. గెల్జే బరువు మోయడం వృత్తిగా ఉన్నవాడే. ఆ రోజు అతను మోసినది మాత్రం ఎవరూ కూలి కట్టని బరువు.

ఆ చైనా యాత్రికుణ్ణి కూడా మనం మరువరాదు. తన డబ్బు, తన సెలవులు, తన కల అన్నీ ఒక అపరిచితుడి ప్రాణం కోసం వదులుకున్నాడు. ఎంత రుసుము చెల్లించినా ఉమ్మడి విధి నుంచి విడుదల దొరకదని ఒప్పుకున్నవాడు అతను.

ఏడాది తరువాత

హసన్ భౌతికకాయం ఏడాది పాటు ఆ మంచులోనే ఉండిపోయింది. 2024 వేసవిలో పాకిస్తాన్ పర్వతారోహకురాలు నైలా కియానీ పూనుకొని ఒక బృందాన్ని కూడగట్టింది. ఐదుగురు పాకిస్తానీలు ప్రాణాలకు తెగించి బాటిల్‌నెక్ దాకా ఎక్కి, ఆ శరీరాన్ని దించి ఇంటివారికి చేర్చారు. అంత ఎత్తు నుంచి ఒక మృతదేహాన్ని దించడం సాధ్యమేనని ఆ ఐదుగురు చూపించారు. మరి అంతకు ముందు ఏడు, ప్రాణం ఉండగా, వందమంది ఉండగా?

ఆ ఐదుగురిలో ఒకరు మురాద్ సద్‌పారా. కొద్ది రోజులకే, ఆగస్టులోనే, బ్రాడ్ పీక్ మీద ఒక విదేశీ యాత్రికురాలికి తోడుగా వెళ్ళి, పైనుంచి పడిన రాయి తగిలి మరణించాడు. రికార్డు సాధించిన తెంజెన్ షేర్పా కూడా 2023 అక్టోబరులో శిషాపంగ్మా మీద మంచు ఉప్పెనలో ప్రాణాలు కోల్పోయాడు. శిఖరాల జాబితాలో పేరు ఎక్కిన షేర్పా అయినా, పేరు ఎక్కని హమాలీ అయినా, వారి జీవనోపాధి అలాంటిది.

ఇప్పుడు మన ఊళ్ళ నుంచి కూడా యువకులు హిమాలయాలకు వెళుతున్నారు. వెళ్ళండి, సంతోషమే. కానీ డబ్బు కట్టే ముందు ఆ కంపెనీవారిని నాలుగు మాటలు అడగండి. మా సామాను మోసేవాడికి బీమా ఉన్నదా? చలికి తగిన బూట్లు, దుస్తులు ఉన్నాయా? అతనికి జబ్బు చేస్తే కిందికి ఎవరు తెస్తారు? కూలి అతని చేతికే అందుతుందా? కూలివాని హక్కు గురించి దైవప్రవక్త (సల్లం) ఎంత గట్టిగా హెచ్చరించారో చిన్ననాటి నుంచి వింటున్నవారం. ఆ హెచ్చరిక మైదానంలో ఒక తీరుగా, మంచు కొండ మీద మరో తీరుగా ఉండదు. అడిగేవారు పెరిగితే ఇచ్చేవారూ మారుతారు.

ఆ కుర్రవాడు ఇప్పుడు పెద్దవాడై ఎక్కడ ఉన్నాడో! ఎదురైతే మాత్రం మా పాత జవాబును సరిదిద్దుకుంటాము. "బాబూ, ఎవరో ఒకరు చేస్తారులే అని అందరూ అనుకున్న చోట ఆ 'ఎవరో ఒకరు' నువ్వే" అని చెబుతాము.