ఫ్రెండ్ కాదండీ, ముఖపరిచయమే!

పిల్లలూ, ఈ మధ్య మీ మాటల్లో ఒక ముక్క పదేపదే నా చెవిన పడుతోంది. ఎవరికైనా ఉద్యోగం ఊడిందనుకోండి, మర్నాటికల్లా ఎవరో ఒకరు సలహా ఇచ్చేస్తారు: "ముందు లింక్డిన్‌లో పర్సనల్ బ్రాండ్ బిల్డ్ చేసుకో." విన్నవాడు తెల్లమొహం వేస్తాడు. బ్రాండ్ అనేది సబ్బులకీ కాఫీపొడికీ ఉంటుందని మా తరం అనుకునేది. పైగా "నీ డబ్బా నువ్వు కొట్టుకోకు" అని మిమ్మల్ని పెంచినవాళ్ళం మేమే. ఇప్పుడు ఉన్నట్టుండి డబ్బా కొట్టమంటే చేతులెలా వస్తాయి?

అందుకని ఇవాళ కబుర్లు దీనిమీదే. ఇందులో సైన్సేముంది తాతయ్యా అంటారేమో, చాలా ఉంది.

అమెరికాలో బోస్టన్ పక్కన న్యూటన్ అని ఒక ఊరుంది. (ఆపిల్ పండు న్యూటన్‌కీ ఆ ఊరికీ చుట్టరికం లేదులెండి.) హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న మార్క్ గ్రానొవెటర్ అనే కుర్రాడు 1960ల చివర్లో ఆ ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగాడు. కొత్తగా ఉద్యోగం మారినవాళ్ళని పట్టుకుని, ఈ ఉద్యోగం సంగతి మీకెవరు చెప్పారని అడిగేవాడు. తెలిసినాయన చెప్పాడనేవారు చాలామంది. "అంటే మీ ఫ్రెండా?" అని అడిగితే, "అబ్బే, ఫ్రెండ్ కాదండీ, ముఖపరిచయమే" అని సరిదిద్దేవారు. ఒకరు కాదు, ఇద్దరు కాదు, మనిషి తర్వాత మనిషి అదే మాట. కుర్రాడు అక్కడ ఆగి ఆలోచించాడు.

లెక్క తీస్తే ఇలా తేలింది. తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవారిలో, ఆ తెలిసిన మనిషిని వారానికి కనీసం రెండుసార్లు కలిసేవాళ్ళు నూటికి 17 మందే. ఏడాదికి ఒకసారో, అదీ లేకుండానో కలిసేవాళ్ళు నూటికి 28 మంది. మిగతా సగం పైచిలుకు ఈ రెంటికీ మధ్యనున్నవాళ్ళు. అంటే ప్రాణస్నేహితుల కంటే, ఎప్పుడో పాత ఆఫీసులో పక్క టీములో పనిచేసినవాళ్ళే ఎక్కువ అక్కరకొచ్చారన్నమాట. ఈ లెక్క కట్టింది పట్టుమని అరవైమంది మీద కూడా కాదనుకోండి, అయినా ఆలోచన గట్టిది. దాన్ని వ్యాసంగా రాసి 1969లో ఒక పెద్ద పత్రికకి పంపితే తిప్పికొట్టారు. నాలుగేళ్ళు పోయాక, 1973లో, ఇంకో పత్రిక వేసింది. సామాజికశాస్త్రంలో అంతగా ఉదహరించబడ్డ వ్యాసాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. రిజెక్షన్ మెయిళ్ళు చూసి డీలా పడేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు.

ఎందుకలా జరుగుతుంది? మీ దగ్గరివాళ్ళు ఇంటి బావిలాంటివాళ్ళు. ఎన్నిసార్లు చేదినా అవే నీళ్ళు. మీకు తెలిసిన ఖాళీలే వాళ్ళకీ తెలుసు, మీరు విన్న వార్తే వాళ్ళూ విన్నారు. కొద్దిగా తెలిసినవాడు వేరే మందలో తిరుగుతాడు కాబట్టి మీ చెవిన పడని కబురు వాడి చెవిన పడుతుంది.

మనవాళ్ళ సంగతి ఇక్కడే చూడండి. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, ఆ తర్వాత రెండు నెలలకే గూగుల్ మాతృసంస్థ 12,000 మందిని తీసేస్తామన్నప్పుడు డాలస్, న్యూజెర్సీ, బే ఏరియాల్లో ఎన్ని తెలుగిళ్ళలో నిద్ర పట్టలేదో మీకు తెలుసు. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే దొరికే గడువు మహా అయితే 60 రోజులు. ఆ లోపల ఇంకో కంపెనీ పిటిషన్ వెయ్యాలి, లేదా వీసా మార్చుకోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. అలాంటప్పుడు మనవాళ్ళు చేసే మొదటి పని, కాలేజీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రెజ్యూమె పడెయ్యడం. మంచిదే, కానీ ఆ గ్రూపులో సగం మంది అవే కంపెనీలు, అవే టెక్నాలజీలు, అదే భయం. రెండో పని ఇంకా అన్యాయం: మిగతా లోకానికంతా దాచెయ్యడం. "ఊళ్ళో ఎవరికీ చెప్పకు, సంబంధాలు చూస్తున్నాం" అని అమ్మ ఫోనులో గుసగుస. నామోషీ! ముఖపరిచయమున్నవాడు మనకి సాయపడాలంటే మన ఉద్యోగం పోయిందని వాడికి తెలియాలా, అక్కర్లేదా? వాడికేమీ కర్ణపిశాచి చెప్పదు కదా.

గ్రానొవెటర్ చెప్పింది చిన్న లెక్క అనుకుంటే, పెద్ద లెక్క 2022లో వచ్చింది. లింక్డిన్ వాళ్ళు అయిదేళ్ళపాటు 2 కోట్లమందికి "వీళ్ళు మీకు తెలుసేమో" అని చూపించే జాబితాని రకరకాలుగా మార్చి, ఎవరికి ఎలాంటి పరిచయాలు పెరిగాయో, ఎవరికి ఉద్యోగాలు దొరికాయో చూశారు. ఫలితాలు 'సైన్స్' పత్రికలో వచ్చాయి. (తామొక ప్రయోగంలో ఉన్నామని ఆ 2 కోట్లమందికీ ఎవరూ చెప్పలేదు. ఆ పద్ధతి నాకు నచ్చలేదు.) బలహీనమైన పరిచయాలే ఎక్కువ పనికొస్తాయని అందులోనూ తేలింది. కాకపోతే ఒక మెలిక ఉంది. మరీ ముక్కూమొహం తెలియనివాళ్ళతో లాభం తక్కువ. ఓ పదిమంది దాకా ఉమ్మడి పరిచయస్థులున్న మనిషి అన్నిటికంటే మేలు. బలహీనమైన పరిచయాల లాభం సాఫ్ట్‌వేర్‌లాంటి రంగాల్లో మరీ గట్టిగా కనబడింది. అయిదువేల కనెక్షన్లు పోగేస్తే బ్రాండ్ అయిపోతుందనుకునేవాళ్ళు ఇది చదవాలి.

సరే, మన సంగతి ముఖపరిచయమున్నవాళ్ళకి తెలియజెయ్యాలి. ఏమని? "ప్యాషనేట్, డైనమిక్, రిజల్ట్ ఓరియెంటెడ్" అనా? జవాబు కోసం జింక దగ్గరికి వెళదాం.

ఆఫ్రికాలో సెరెంగెటీ మైదానంలో థామ్సన్ జింకలుంటాయి. అడవికుక్కలు వెంటపడగానే, ప్రాణభయంతో తిన్నగా పరిగెత్తాలా? కొన్ని జింకలు నాలుగు కాళ్ళూ బిగదీసి గాల్లోకి నిలువునా గెంతుతాయి. (మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువు కృష్ణజింక కూడా ఇలా గెంతుతుంది.) చూసినవాడికి తిక్కగా అనిపిస్తుంది, ఆ గెంతే ఓపిక పరుగులో పెట్టొచ్చుగా అని. 1988లో ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని శ్రద్ధగా గమనించి చెప్పారు: కుక్కలు బాగా గెంతే జింకలని వదిలేసి, గెంతులు తగ్గినవాటిని ఎంచుకుని తరుముతున్నాయి. "నాకింత సత్తువ ఉంది, నీకు దొరకను, ఊరికే ఆయాసపడకు" అని జింక చెబుతోందన్నమాట. కుక్క నమ్ముతోంది. ఎందుకు నమ్ముతోంది? నీరసపు జింక ఆ గెంతు గెంతలేదు గనక. చేతగానివాడు చెయ్యలేనిది అయినప్పుడే ఒక సంకేతానికి విలువ.

గ్రానొవెటర్ వ్యాసం వచ్చిన 1973లోనే మైకేల్ స్పెన్స్ అనే ఆర్థికశాస్త్రవేత్త సరిగ్గా ఈ మాటే ఉద్యోగాల గురించి చెప్పాడు. ఎదుటి మనిషి ఎంత పనిమంతుడో కంపెనీకి తెలియదు. కాబట్టి పనిమంతుడికి తేలిగ్గానూ మిగతావాళ్ళకి కష్టంగానూ ఉండే గుర్తు ఏదైనా ఉందా అని వెతుకుతుంది. ఆయన చెప్పిన ఉదాహరణ డిగ్రీ. 2001లో ఆయనకి నోబెల్ వచ్చింది.

ఇప్పుడు మీ లింక్డిన్‌కి రండి. చాట్‌జీపీటీ వచ్చాక నున్నటి ఇంగ్లీషులో పోస్టు రాయడం ఎవడికైనా అరనిమిషం పని. రెజ్యూమె సంగతీ అంతే. నీరసపు జింకా బలమైన జింకా ఒకే ఎత్తు గెంతుతున్నాయి. ఇక రిక్రూటర్ దేన్ని చూసి నమ్మాలి? దీనికి తోడు మనవాళ్ళలో కొందరు లేని ఎక్స్‌పీరియన్స్ పెట్టడం, ఒకరి ఇంటర్వ్యూ ఇంకొకరు ఇవ్వడం వంటి ఘనకార్యాలు చేసి నిజాయితీపరుల గుర్తుల్ని కూడా చవక చేశారు. అందువల్ల నా లెక్కలో విశేషణాలకి విలువ సున్నా. చేసి చూపించిన పనికే విలువ.

ఉదాహరణకి మీరు డేటా పనిచేసేవారనుకోండి. "ఐయామ్ ఎగ్జైటెడ్ టు షేర్" అని మొదలుపెట్టకండి. గంటన్నర పట్టే ఒక రిపోర్టు ఎందుకు అంత నెమ్మదిగా నడిచిందో, మొదట దేన్ని అనుమానించారో, అది కాదని ఎలా తెలిసిందో, చివరికి ఏ మార్పుతో దారికొచ్చిందో రాయండి. ఆ తప్పుదారి మెట్టు దాచకండి. పని చెయ్యనివాడు ఊహించి రాయలేని భాగం అదే. పాత కంపెనీ కోడు, కస్టమర్ల పేర్లు మాత్రం ముట్టుకోవద్దు. ఎవరికైనా దొరికే డేటా మీద అదే సమస్యని మళ్ళీ కట్టి, కోడు గిట్‌హబ్‌లో పెట్టి లింకివ్వండి. వారానికి ఒకటి చాలు. రోజూ సూర్యోదయం ఫోటో, దాని కింద జీవితసత్యం అక్కర్లేదు.

తీసేసిన కంపెనీ మీద కోపం ఉంటుంది, ఉండకూడదని నేననను. దాన్ని నోట్‌బుక్కులో రాయండి, లింక్డిన్ గోడమీద కాదు. ఇది ఉత్త పెద్దరికపు మాట కాదు. 1990లలో డాలస్‌లో ఒక కంప్యూటర్ కంపెనీ తీసేసిన నడివయసు ఉద్యోగుల మీద జేమ్స్ పెన్నెబేకర్, ఇంకో ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కొందరిచేత అయిదు రోజులు, రోజుకి 20 నిమిషాలు, ఉద్యోగం పోయినందుకు మనసులో ఉన్నదంతా రాయించారు. ఇంకొందరిచేత రోజువారీ పనులూ ప్రణాళికలూ రాయించారు. కొన్ని నెలలయ్యాక చూస్తే మనసు విప్పి రాసినవాళ్ళలో ఎక్కువమందికి ఉద్యోగాలు దొరికాయి. వింతేమిటంటే, వీళ్ళేమీ ఎక్కువ అప్లికేషన్లు పెట్టలేదు. కడుపులో కోపం తగ్గితే ఇంటర్వ్యూలో పాత బాస్ మీద విషం కక్కరు, అంతే కారణం కావచ్చు. చిన్న ప్రయోగమే గానీ, ఖర్చు ఒక నోట్‌బుక్కు.

ఇక చివరిగా ఉద్యోగం ఉన్నవాళ్ళతో ఒక మాట. ఎప్పుడో మీతో ఒక ప్రాజెక్టు చేసిన మనిషి నుంచి, "బాగున్నారా? నాకు ఉద్యోగం పోయింది, మీ దగ్గర ఏమైనా ఉందా?" అని మెసేజి వచ్చి మీ ఇన్‌బాక్సులో పడి ఉంటుంది. ఏం చెప్పాలో తోచక వదిలేసి ఉంటారు. ఇవాళ తెరవండి. ఖాళీ ఉంటే రిఫర్ చెయ్యండి. లేకపోతే లేదని ఒక్క లైను రాసి, మీకు తెలిసిన ఇంకొకరి పేరు చెప్పండి.