రంగు మార్చుకున్న రాగి

హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారే ప్రతిసారీ టీ తాగి, యాభై నోటు ఇచ్చి, తిరిగొచ్చిన చిల్లరను అరచేతిలో పరుచుకుని చూస్తాను. విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ దారులు కలిసే చోటు కదా, నాలుగు దిక్కుల బిళ్ళలూ అక్కడి గల్లాపెట్టెల్లో పడతాయి. ఫోన్లతో చెల్లించడం వచ్చాక గలగలలు తగ్గిన మాట నిజమే. అయినా టీ కొట్టూ, పూల బుట్టా, కండక్టరు సంచీ ఇంకా చిల్లరతోనే నడుస్తున్నాయి.

ఏం వెతుకుతున్నారని ఓసారి కొట్టాయన అడిగాడు. రాగి అన్నాను. "రాగి పైసలు ఇంకెక్కడున్నాయండీ, మా తాత రోజుల్లోనే పోయాయి" అన్నాడు. ఎర్రటి పైసల సంగతైతే ఆయన చెప్పింది సరే. రాగి మాత్రం ఆయన గల్లాపెట్టె నిండా ఉంది. అది రంగు మార్చుకోవడంతో మనం గుర్తుపట్టలేకపోతున్నాం.

అసలు "డబ్బు" అన్న మాటే ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరు. ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కోసం, అంటే మన కృష్ణా గోదావరుల నేల కోసం, 1794లోనూ 1797లోనూ రాగి నాణేలు కొట్టించింది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆవిరి యంత్రాల మీద తయారై ఓడల్లో వచ్చాయవి. "రూపాయికి 48" అని వాటి మీద ఇంగ్లీషులో ఉంటుంది. తర్వాతి కాలం చిల్లు కాణీ చాలా ఇళ్లలో ఇప్పటికీ దొరుకుతుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో లోహం ఆదా చేయడానికి 1943 నుంచి నడుమ చిల్లు పెట్టి కొట్టిన కంచు నాణెం అది. కంచులోనూ ఎక్కువ పాలు రాగే. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చినప్పుడు మొదటి నయా పైసా కూడా కంచుదే, ఒకటిన్నర గ్రాముల బరువు. 1965 నాటికి పైసా అల్యూమినియానికి మారింది. పావలా, అంతకంటే చిన్నవి 2011 జూన్ 30తో చెల్లుబాటు కోల్పోయాయి. కాబట్టి ఎర్ర రాగి కోసం అమ్మమ్మ ట్రంకుపెట్టె వెతకాలి తప్ప జేబు వెతికితే లాభం లేదు.

జేబులో వెతకాల్సింది తెల్ల రాగి, పసుపు రాగి. దానికి కావలసిన సామాను ఒక చిన్న అయస్కాంతం, అంతే. ఇప్పటి రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు స్టీలువి కనుక టక్కున అతుక్కుంటాయి. అతుక్కోని తెల్ల బిళ్ళ కనిపిస్తే ఆగి చూడండి. 1992 నుంచి పన్నెండేళ్లకు పైగా వచ్చిన దళసరి ఐదు రూపాయల బిళ్ళ, 2004 దాకా వచ్చిన పదకొండు మూలల రెండు రూపాయల బిళ్ళ, 1991కి ముందు నాటి బరువైన రూపాయి, ఈ మూడింటిలోనూ ముప్పాతిక వంతు రాగి, పావు వంతు నికెల్. అంత రాగి ఉండీ ఎర్రదనం కనబడదు. పావు వంతు నికెల్ చాలు, రాగి రంగును పూర్తిగా మింగేస్తుంది.

పసుపువి గుర్తించడం ఇంకా తేలిక. 2009 తర్వాతి పసుపు ఐదు రూపాయల బిళ్ళ నికెల్ కలిపిన ఇత్తడి. పది రూపాయల బిళ్ళ పసుపు అంచు కూడా రాగి మిశ్రమమే. 2020లో చేతికొచ్చిన పన్నెండు మూలల ఇరవై రూపాయల బిళ్ళకు అంచులో 65 శాతం, నడుమ 75 శాతం రాగి. మన వైపు పది రూపాయల బిళ్ళ వద్దనే దుకాణాలు చూస్తే నాకు బాధేస్తుంది. అప్పటిదాకా వచ్చిన పద్నాలుగు రకాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే స్పష్టంగా చెప్పింది.

ఇంతకీ ప్రభుత్వం తెల్ల రాగిని ఎందుకు మానేసింది? లెక్క కట్టి చూద్దాం. పాత ఐదు రూపాయల బిళ్ళ 9 గ్రాములు, అందులో రాగి 6.75 గ్రాములు. కిలో రాగి వెయ్యి రూపాయలనుకుంటే రాగి ఒక్కటే ఆరున్నర దాటుతుంది. నికెల్ దానికి అదనం. నాణెం మీద రాసిన విలువ కంటే లోహం విలువ పెరిగితే కరిగించేవాళ్లు బయల్దేరతారు. అమెరికాలోనూ ఇదే జరిగింది. అక్కడి సెంటులో 1982 దాకా 95 శాతం రాగి ఉండేది, తర్వాత రాగి పూత పూసిన జింకు వచ్చింది. పాతది 3.11 గ్రాములు, కొత్తది 2.5 గ్రాములు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మీ మనవడికి చిన్న త్రాసు ఇస్తే 1982 నాటి సెంట్లను ఇట్టే వేరుచేస్తాడు, ఎందుకంటే ఆ ఒక్క ఏడాదే రెండు రకాలూ వచ్చాయి.

ఏరి దాచుకోవడంలో తప్పు లేదు. కరిగించడం మాత్రం 2011 నాణేల చట్టం కింద నేరం, ఏడేళ్ల దాకా జైలు. పాత బిళ్ళకు లక్షలిస్తాం, ముందు కొంత రుసుము కట్టండి అనే ఫోన్లనూ నమ్మకండి. తన పేరు వాడుకుని సాగుతున్న ఈ మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2021లో హెచ్చరించింది.

ఇంకొక్క మాట. మన ఇళ్లలో రాగి చెంబు అనగానే చేయి చింతపండు మీదకు పోతుంది. నాణేనికి ఆ పని చేయకండి. పులుపు పై పొరను తినేస్తుంది, సేకరించేవాళ్లు చూసేది ఆ పొరనే. మా డెల్టా తేమ గాలికి పచ్చటి చిలుము త్వరగా పడుతుంది కనుక మెత్తటి పొడి గుడ్డతో అద్ది, కాగితపు కవరులో పెట్టి పైన తేదీ రాసుకుంటే చాలు.

కొట్టాయన చేతిలో అయస్కాంతం పెట్టి ఆయన గల్లాపెట్టెలోని ఒక ఐదు రూపాయల బిళ్ళనే చూపించాను. అతుక్కోలేదు. సంవత్సరం కింద చిన్న గుర్తు ఉంటుంది, చూడమన్నాను. వజ్రం ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. కళ్లజోడు తెచ్చుకుని చూశాడు. నక్షత్రం! హైదరాబాద్ టంకశాల. చర్లపల్లికి మారకముందు, తొంభైల మొదట్లో, సైఫాబాద్‌లో కొట్టిన బిళ్ళ అది. ఆయన దాన్ని గల్లాపెట్టెలో మళ్లీ వేయలేదు. చొక్కా జేబులో పెట్టుకుని, మిగతావాటిని బల్ల మీద కుమ్మరించాడు.