నడిసముద్రం ఎవరిది?

మా సాయంకాలపు తెలుగు తరగతిలో ఒకనాడు 'సముద్రం' అనే పాఠం చెప్పుచుండగా ఒక చిన్నపిల్ల లేచి, "సముద్రం ఎవరిది?" అని అడిగినది. తీరం మనది, లగూను మనది, రీఫు మనది అని చెప్పగలిగాము. "దాని అవతల?" అని మళ్ళీ అడిగినది. ఆ ప్రశ్నకు వెంటనే సరియైన జవాబు ఇవ్వలేకపోయాము. ఇంటికి వచ్చి చదివి తెలుసుకొన్న విషయాలను మన పాఠకులతో పంచుకొనుటకే ఈ వ్యాసం.

మన పూర్వీకులు దాటి వచ్చినది ఈ సముద్రమే. కోరంగి రేవు పేరు మీదనే ఈ దీవిలో మనలను కోరంగీలని పిలిచారు. వారికి ఆ నడిసముద్రం అంతులేని నీరు, భయం. దాని అడుగున ఏమున్నదో, అది ఎవరి అధీనమో వారికెవరూ చెప్పలేదు.

1982లో కుదిరి 1994లో అమలులోకి వచ్చిన ఐక్యరాజ్య సమితి సముద్ర చట్టం ప్రకారం, తీరం నుండి 12 నాటికల్ మైళ్ళ వరకు ఆ దేశపు జలాలు. 200 మైళ్ళ వరకు చేపలు మొదలైన సంపద మీద హక్కు ఆ దేశానిదే. దాని అవతలి నీరు ఏ దేశానిదీ కాదు. దానినే మనం నడిసముద్రం అంటున్నాము. ప్రపంచ సముద్రాలలో సుమారు మూడింట రెండు వంతులు ఇదే. అక్కడ తిరిగే ఓడ ఏ దేశపు జెండా కట్టినదో, సాధారణంగా ఆ దేశానికే దాని మీద అధికారం.

'ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చె' అని మన సామెత. నడిసముద్రానికి పట్టిన గతి కూడ ఇంచుమించు అదే. చేపల వేటను చూచే సంఘాలు ఉన్నవి. ఓడల రాకపోకలను చూచే సంస్థ ఉన్నది. అడుగునున్న ఖనిజాలను చూచే సంస్థ వేరే ఉన్నది. ఎవరి పని వారు చూచుకొనేవారే గాని, "ఈ భాగంలో జీవరాశి మొత్తాన్ని కాపాడుదాము" అని అందరి పక్షాన నిర్ణయించగల సభ మాత్రం లేకపోయినది.

అయినా దేశాలు కలిస్తే ఏమి జరుగునో చూపే ఉదాహరణ మన పొరుగుననే ఉన్నది. 1979లో, మనకంటె చిన్న దేశమైన సీషెల్స్ ప్రతిపాదించగా, అంతర్జాతీయ తిమింగల సంఘం మన హిందూ మహాసముద్రాన్ని దక్షిణాన 55 డిగ్రీల అక్షాంశం వరకు తిమింగలాలకు అభయస్థలంగా ప్రకటించినది. అక్కడ వ్యాపారం కోసం వాటిని వేటాడరాదు. నేడు మన పడమటి తీరాన స్పెర్మ్ తిమింగలాలు పిల్లలతో కుటుంబాలుగా తిరుగుతూ ఉంటవి. వాటికి 200 మైళ్ళ గీత తెలియదు. గీతకు ఇవతల మనం కాపాడి, అవతల ఎవరూ కాపాడకపోతే ప్రయోజనమేమి?

మరొక ఉదాహరణ సాయా ద మల్యా. మనకు ఉత్తరాన, సీషెల్స్‌కు ఆగ్నేయాన, నీటిలో మునిగియున్న పెద్ద మెట్ట అది. వైశాల్యం సుమారు 40,000 చదరపు కిలోమీటర్లు. అంటే మన దీవికి ఇరవై రెట్లు. అక్కడ సముద్రపు గడ్డి పచ్చిక బయళ్ళవలె పరచుకొని ఉన్నది. అది చేపపిల్లలకు నీడ, తాబేళ్ళకు మేత. నీటిలోని కార్బన్‌ను పట్టి ఉంచేది కూడ అదే. 2012లో మారిషస్, సీషెల్స్ ఒడంబడికలు చేసికొని, ఆ ప్రాంతంతో సహా సుమారు 3,96,000 చదరపు కిలోమీటర్ల సముద్రపు అడుగును ఉమ్మడిగా పాలిస్తున్నవి. అయితే 200 మైళ్ళ గీతలకు అవతల అడుగు మాత్రమే మన ఇద్దరిది. దాని పైనున్న నీరు నడిసముద్రం! గడ్డి మనది, గడ్డి మీద ఈదే చేప ఎవరిదీ కాదు. అడుగును ఈడ్చుకొనిపోయే బరువైన వల ఒక్కసారి పడితే రెండూ పోతవి.

ఈ లోటు తీర్చుటకే కొత్త ఒడంబడిక వచ్చినది. ఐక్యరాజ్య సమితిలో దాదాపు ఇరవై యేండ్లు చర్చలు సాగినవి. 2023 మార్చిలో, సభకు అధ్యక్షురాలైన సింగపూరు దేశస్థురాలు రెనా లీ, ఓడ ఒడ్డుకు చేరినదని ప్రకటించారు. ఆ యేడు జూన్ 19న అది ఆమోదం పొందినది. 60 దేశాలు ధ్రువీకరిస్తేనే అమలు అని నియమం. ఆ సంఖ్య 2025 సెప్టెంబరులో నిండినది. 2026 జనవరి 17న ఒడంబడిక అమలులోకి వచ్చినది. మొదట ధ్రువీకరించిన దేశాలలో సీషెల్స్, మన మారిషస్ కూడ ఉన్నవి.

అందులో ముఖ్యాంశాలు నాలుగు. నడిసముద్రంలో రక్షిత ప్రాంతాలను ఏర్పరచుట మొదటిది; ఏకాభిప్రాయం కుదరకపోతే నాలుగింట మూడు వంతుల ఓట్లతో నిర్ణయించవచ్చును. ఏదైనా పెద్ద పని తలపెట్టే ముందు దానివలన కలిగే నష్టాన్ని లెక్క కట్టుట రెండవది. అక్కడి జీవుల నుండి మందులు మొదలైనవి తయారైతే ఆ లాభంలో పేద దేశాలకు కూడ పాలు ఇచ్చుట మూడవది. చిన్న దేశాలకు పరికరాలు, శిక్షణ అందించుట నాలుగవది. మనవంటి దీవులకు చివరి రెండూ ఎంతో విలువైనవి. పరిశోధన ఓడలు గల దేశాలు కొన్నియే కదా!

ఒడంబడికకు సొంత నౌకాదళం లేదు. ప్రతి సభ్యదేశం తన జెండా గల ఓడలను అదుపులో ఉంచవలెను. చేరని దేశాన్ని అది కట్టివేయలేదు. చేపల సంఘాల అధికారాన్ని తీసివేయలేదు. వాటితో మాట్లాడి పని జరుపవలసినదే. కనుక సాయా ద మల్యా గడ్డి ఈ కాగితంతోనే బ్రతుకునని అనుకొనరాదు. ఎవరో ఒకరు ప్రతిపాదన తీసుకొని వెళ్ళవలెను. 1979లో సీషెల్స్ వెళ్ళినట్లు మనమూ వెళ్ళవచ్చును.

2020 జూలై 25న పరాయి జెండా గల సరకు ఓడ ఒకటి పాయింట్ దెస్నీ దగ్గర మన రీఫు మీదికి ఎక్కినది. సుమారు 1,000 టన్నుల నూనె నీటిలో కలిసినది. ఆ రోజులలో జనం ఎండిన చెరకు ఆకును గుడ్డ సంచులలో కుక్కి, నూనెకు అడ్డంగా నీటిలో వేశారు. మన తాతలు చెమటోడ్చి పెంచిన చెరకు అలా సముద్రాన్ని కాపాడుటకు పనికివచ్చినది. ఎవరి ఆజ్ఞ కోసమూ ఆ జనం కాచుకొని కూర్చోలేదు.

మరుసటి తరగతిలో ఆ చిన్నపిల్లకు జవాబు చెప్పాము: "నడిసముద్రం ఎవరి సొత్తూ కాదు, అందుచేత దానిని కాపాడే పని అందరిది." ఆ పిల్ల కొంచెం ఆలోచించి, "అయితే మన వంతు పని ఏమిటి?" అన్నది. పాఠకులు తమ పిల్లలతో కూర్చుండి ఈ ప్రశ్నను ఆలోచింతురు గాక.