నకలు ఉంటే చాలదు, పనికొస్తుందో చూడాలి

ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘాల లెక్కలను కంప్యూటర్లకెక్కించే పథకాన్ని కేంద్రం 2022లో ఆమోదించింది. దస్తరాలకు చెదల బెడద తగ్గుతుంది గానీ, ఒక్క పొరపాటుతో ఖాతాలన్నీ చెరిగిపోయే ప్రమాదం లేకపోలేదు.

గిట్‌ల్యాబ్ అనే కంప్యూటర్ సంస్థలో 2017 జనవరి 31న ఇదే జరిగింది. ఒక యంత్రంలో చెరపవలసినది ఇంజనీరు మరో యంత్రంలో చెరిపేయడంతో ఖాతాదారుల సమాచారం మాయమైంది. రోజువారీ నకలు తీసే ఏర్పాటు పనిచేయడం లేదన్న సంగతి అప్పుడే బయటపడింది. ఆ సంగతి తెలపవలసిన ఈ-మెయిళ్లు సైతం ఎవరికీ చేరలేదు. ఆరు గంటల క్రితం పరీక్ష కోసం తీసిన ఒక నకలు ఉండబట్టి సంస్థ గట్టెక్కింది. అయినా ఆ మధ్యకాలంలో చేరిన దాదాపు 700 కొత్త ఖాతాలు దక్కలేదు.

దాచిన విత్తనాన్ని రైతు మొలక కట్టి చూశాకే చల్లుతాడు. సంఘాలు కూడా నకలును వేరొక చోట భద్రపరచి, అందులోంచి ఖాతాలు తిరిగి వస్తున్నాయో లేదో అప్పుడప్పుడు సరిచూసుకోవడం మేలు.